ఖైదీ జబ్బుకు తేదీలు కావాలి

సంపాదకులకు,

నేరం రుజువయిందని ప్రకటించాక సెషన్స్ జడ్జి 'శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?' అని అడుగుతారు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 258వ సెక్షన్ ప్రకారం అడిగి తీరాలి. 'ఒంట్లో బాగోదయ్యా, దయ చూడండి' అంటాడు ముద్దాయి. తీర్పులోకి ఆ ఒక్క ముక్కే ఎక్కుతుంది. ఆస్పత్రి కాగితాలు ఆ రోజే దాఖలు చేయాలని చాలామందికి తెలియదు. చట్టమే కనీస శిక్ష పెట్టినచోట అవీ పనిచేయవు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 6వ సెక్షన్‌లో 20 ఏళ్లకు ఒక్కరోజు కూడా తగ్గదు.

అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపివేయమని అదే సంహిత 430వ సెక్షన్ కింద అడగవచ్చు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ న్యాయవాది) అభ్యంతరాలకు అవకాశమివ్వాలి. ఆయన జైలు డాక్టరు నివేదిక తెస్తారు. 'నిలకడగా ఉన్నాడు, చికిత్స అందుతోంది' అని ఉంటే పిటిషన్ నిలబడడం కష్టం. పాత డిశ్చార్జి సమ్మరీ దానికి జవాబు కాదు. డయాలసిస్ రోగి సంగతే చూడండి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు అవసరమని నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఇచ్చిన ఉత్తరం, ఆస్పత్రికి తీసుకెళ్లిన తేదీలు, ఏఆర్ (సాయుధ రిజర్వు) పోలీసు ఎస్కార్ట్ దొరక్క తప్పిపోయిన తేదీలు, డయాలసిస్ తప్పితే రక్తంలో పెరిగే పొటాషియం ఆ మర్నాటి రీడింగు పక్కపక్కనే పట్టిక వేసి చూపాలి. జైలు రిజిస్టరును కోర్టు ద్వారా తెప్పించమని కోరాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అప్పీలు ఓడిపోతే, బయట గడిపిన కాలం శిక్షలో కలవదు.

మావోయిస్టులతో సంబంధాల కేసులో జీవిత ఖైదు పడిన, అమలాపురం వాడైన ప్రొఫెసర్ సాయిబాబాకు 90 శాతం వైకల్యం. అది శిక్ష తగ్గించడానికి కారణం కాదని 2017లో గడ్చిరోలి కోర్టు అంది. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్‌లో కన్నుమూశారు. తీవ్ర జబ్బున్న ఖైదీల అప్పీళ్లను వరుస క్రమం పక్కనపెట్టి ముందే వినాలని హైకోర్టులను కోరుతున్నాం.

అప్పీలు తేలకముందే ఖైదీ చనిపోతే కేసు అక్కడితో ముగుస్తుంది, దోషి అన్న ముద్ర మిగులుతుంది. 435వ సెక్షన్ కింద తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు 30 రోజుల్లో అనుమతి కోరితే కొనసాగించవచ్చు. దినవారాల్లో మునిగిన ఇంట్లో ఈ గడువు ఎవరికి తడుతుంది? మరణవార్తతోపాటే ఈ విషయం జైలు అధికారులు తెలుగులో రాసి ఇవ్వాలి.

– కొందరు న్యాయవాదులు, రాజమహేంద్రవరం