లోమ్ చిహ్నంలో నీళ్ల పారలు

సంపాదకులకు నమస్కారం.

నార్వే వ్యవసాయం గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఫియర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), మంచు, ఎడతెగని వాన దగ్గరే ఆగిపోతున్నాయి. పడమటి తీరాన బెర్గెన్‌కు ఆ మాట సరిపోతుంది. గుడ్‌బ్రాండ్స్‌డాల్ ప్రాంతపు ఎగువ లోయల్లోని లోమ్, షోక్ మున్సిపాలిటీలకు (అక్కడ పల్లెలవీ మున్సిపాలిటీలే) అసలు సరిపోదు. సముద్రం మీంచి వచ్చే తేమ పడమటి కొండల మీదే కురిసిపోతుంది. ఈ లోయకు ఏడాది మొత్తంలో దక్కేది సుమారు 300 మిల్లీమీటర్లు.

ఆ కాస్త వానను నమ్ముకుంటే బార్లీ పండదు, పశువులకు గడ్డీ ఎదగదు. విత్తాక మే, జూన్‌లలో బెట్ట తగిలితే పిలకలు సరిగా రావు. అందుకే అక్కడి రైతులు కొండల మీద కరిగే మంచునీటిని శతాబ్దాల కిందటే పొలాలకు మళ్లించారు. వాగు నుంచి కొండవాలు వెంట సన్నటి కాలువ తవ్వేవారు. బండరాయి అడ్డొచ్చిన చోట దుంగల్ని తొలిచి దోనెలు చేసి, గుంజల మీద నిలబెట్టి దాటించేవారు. కిటుకంతా వాటంలోనే ఉంది. వాలు ఎక్కువైతే నీరు గట్టును కోసేస్తుంది, తక్కువైతే సన్నని ఒండ్రు పేరుకుని కాలువ పూడుతుంది. చలికాలంలో గడ్డకట్టే నీరు, మంచుచరియలు కాలువను ఎక్కడో ఒకచోట తెంపుతాయి కనుక వసంతంలో మరమ్మతు తప్పదు. ఏ కమతానికి ఎంతసేపు నీరో వంతులుండేవి. ఎండ ముదిరేకొద్దీ మంచు ఎక్కువ కరుగుతుంది, అంటే పైరుకు అవసరమైనప్పుడే కాలువ నిండుగా పారుతుంది. వాన లేని లోయను నిలబెట్టింది ఇదే.

పొలంలో కాలువకు అడ్డుకట్టి నీటిని నిలిపి, పొడవాటి పిడి ఉన్న చెక్క పారతో దూరంగా చిమ్మేవారు. అక్కడ తడిశాక అడ్డు తీసి ముందుకు జరిగేవారు. నడుములు విరిగే పని. లోమ్ మున్సిపాలిటీ చిహ్నంలో ఉన్నవి ఆ పారలే, మూడు. నార్వేలోకెల్లా ఎత్తైన 2,469 మీటర్ల గాల్డ్‌హోపిగ్గెన్ శిఖరం లోమ్‌లోనే ఉంది. పన్నెండో శతాబ్దపు చెక్క చర్చీ ఉంది. చిహ్నంలోకి వచ్చింది మాత్రం రైతు పనిముట్టు.

ఇప్పుడు కాలువల పని పైపులు, స్ప్రింక్లర్లు చేస్తున్నాయి.

నార్వే మీద ఈసారి ప్రత్యేక వ్యాసం వేసేటప్పుడు పర్యాటకుల ఫొటోలతో సరిపెట్టకుండా, దయచేసి ఈ నీటి కాలువల గురించి కూడా రాయించండి.

– ఒక పాఠకుడు