సోరియాసిస్ చికిత్స సహాయ నిధి: గత దసరా నుంచి ఈ దసరా వరకు జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం.

మా వీధిలో గుంట మగ్గం మీద మంగళగిరి చీరలు నేసే ఒక సోదరునికి అరచేతుల్లోను, అరికాళ్లలోను ముదిరిన చర్మవ్యాధి సోరియాసిస్‌కు చికిత్స చేయించేందుకు 2024 దసరా నాడు మొదలుపెట్టిన నిధికి 2025 సెప్టెంబరు 30 వరకు వచ్చిన సొమ్మును, అందులోంచి అయిన ఖర్చును ఇక్కడ తెలియజేస్తున్నాము. ఆయన కోరిక మేరకు పేరు రాయడం లేదు.

ఇంటింటికీ తిరిగి రసీదులపై వసూలు చేసినది రూ. 41,300, ముగ్గురు చీరల వ్యాపారులు ఇచ్చినది రూ. 25,000, ఊరికి దూరంగా ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు బ్యాంకు ద్వారా పంపినది రూ. 38,500, వినాయక చవితి ఉత్సవాల మిగులు రూ. 7,200, ఖాతాపై వడ్డీ రూ. 612, వెరసి జమ రూ. 1,12,612. ఒక దాత రెండు బస్తాల బియ్యం ఇచ్చారు. సొమ్ము కానందున ఈ లెక్కలో చేర్చలేదు.

ఖర్చు మొత్తం రూ. 79,050. ఇందులో రోగాన్ని అదుపులోకి తెచ్చిన మెథోట్రెక్సేట్ మాత్రలకు, వాటితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌కు కలిపి ఏడాది పొడవునా పట్టినది రూ. 1,380 మాత్రమే. మందు ఇంత చౌక అయినప్పుడు మిగిలిన డబ్బంతా ఎక్కడికి పోయిందని చాలామంది అడిగారు, అడగవలసిన ప్రశ్నే. ఆ మాత్ర మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ పరీక్షలు చేయించాలి. మొదలుపెట్టాక కాలేయానికి గాని, రక్తకణాలకు గాని హాని జరగడం లేదని మళ్లీ మళ్లీ రక్తం పరీక్షించి చూసుకోవాలి. ముందు చేయించిన పరీక్షలకు రూ. 2,150, తరువాత ఎనిమిదిసార్లు చేయించిన రక్తపరీక్షలకు రూ. 7,200 అయింది. డాక్టరు ఫీజు తొమ్మిదిసార్లకు రూ. 4,500. చేతులకు, పాదాలకు మాత్రమే కాంతి చికిత్స ఇచ్చే చిన్న యంత్రం మాకు గుంటూరులో ఒక ప్రైవేటు క్లినిక్‌లో దొరికింది. అక్కడ 44 సిట్టింగులకు రూ. 13,200 చెల్లించాము.

పై పూత మందులకు రూ. 11,460 అయింది. తొలి రెండు నెలలు పేరున్న కంపెనీల ట్యూబులే కొన్నాము. వాటిలో కొన్ని జన ఔషధి దుకాణంలో తక్కువకు వస్తాయని ఆలస్యంగా విచారించడం కమిటీ పొరపాటే. చర్మం ఎండిపోకుండా రాసే పెట్రోలియం జెల్లీకి, యూరియా క్రీముకు రూ. 6,820 పట్టింది. ఇది సోకు ఖర్చు కాదు. చలికాలంలో ఆయన అరచేతి పగుళ్లు విచ్చుకున్నప్పుడు జరీ పోగు ఆ పగుల్లో చిక్కి తెగిపోవడం, ఒక్క రక్తపు చుక్క తెల్ల నూలు మీద పడి చీర ధర తగ్గిపోవడం మేము కళ్లారా చూశాము.

చికిత్స కోసం గుంటూరు వెళ్లివచ్చినది మొత్తం 49 రోజులు. అరికాళ్ల పగుళ్లతో ఒంటరిగా నడవలేనప్పుడు ఇల్లాలు వెంట వెళ్లేది. బస్సులకు, ఆటోలకు కలిపి రూ. 7,640 అయింది, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేకపోవడం వల్ల చివర్లో ఈ పద్దు కొంత తగ్గింది. గుంటూరు వెళ్లిన రోజు మగ్గం ఆగుతుంది కనుక ఆ 49 రోజులకు రోజుకు రూ. 300 చొప్పున రూ. 14,700 మజూరీ కింద ఇచ్చాము. కూలి డబ్బు చికిత్స ఖర్చు ఎలా అవుతుందని ఒక దాత అభ్యంతరం చెప్పారు. కూలి పోతుందన్న భయంతోనే ఆయన అంతకుముందు రెండుసార్లు చికిత్స మధ్యలో మానేశారన్నది మా సమాధానం.

ఖర్చులో మిగిలిన రూ. 10,000 గురించి దాపరికం లేకుండా చెప్పాలి. నిధి మొదలుకాక మునుపు, వ్యాధిని శాశ్వతంగా పోగొడతామన్న ఒక ప్రకటన నమ్మి, ఇల్లాలి కమ్మలు కుదువబెట్టి రూ. 18,000 పెట్టి ఆయన ఒక మందుల కిట్టు కొన్నారు. కమ్మలు విడిపించేందుకు నిధి నుంచి రూ. 10,000 ఇవ్వాలని కమిటీలో అయిదుగురు, వద్దని ఇద్దరు అన్నారు. ఆ ఇద్దరి అభ్యంతరం మినిట్స్ పుస్తకంలో నమోదై ఉంది.

మార్చిలో ఒక పొరపాటు జరిగింది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. మందుల దుకాణంలో కవరు మీద ‘రోజుకు ఒకసారి’ అని రాసి ఇవ్వగా, వరుసగా రెండు రోజులు వేసుకున్నాక, కండెలు చుడుతున్న ఇల్లాలు అనుమానించి ఆపించింది. వెంటనే చేయించిన రక్తపరీక్షలో తేడా ఏమీ రాలేదు, దాని రూ. 900 పై లెక్కలోనే ఉంది. ఇప్పుడు మగ్గం పక్కన వేలాడుతున్న క్యాలెండరులో ప్రతి గురువారానికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

జీవకణాలతో తయారుచేసే ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు ఎందుకు వేయించలేదని అమెరికా నుంచి ఒకరు అడిగారు. వాటిలో ఒకటైన సెకుకినుమాబ్ వంటిదానికి తొలుత వారం వారం అయిదు మోతాదులు, ఆ తరువాత నెలకొకటి చొప్పున వేస్తూపోవాలి. మన జమ మొత్తం పెట్టినా ఏడాది గడవదు. మాత్రలతో అదుపులో ఉన్నంతకాలం ఇప్పట్లో ఆ అవసరం లేదని డాక్టరు కూడా చెప్పారు.

నిల్వ రూ. 33,562. వ్యాధి తగ్గింది కదా, నిల్వను వేరే పనికి వాడమని కొందరు సూచించారు. సోరియాసిస్ ఒకరి నుంచి ఒకరికి అంటదని, అయితే పూర్తిగా నయం చేసే మందు లేని దీర్ఘకాలిక వ్యాధి అని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానంలోనే ఉంది. చలికాలం ముందుంది, పరీక్షలూ, మాత్రలూ ఆగవు. కనుక నిల్వను ఇద్దరి సంతకాలతో నడిచే అదే ఖాతాలో ఉంచాము, కొత్తగా వసూలు చేయడం లేదు. బిల్లులు, రసీదు పుస్తకాలు వచ్చే రెండు ఆదివారాలు ఉదయం రామాలయం అరుగు మీద ఉంటాయి. దాతలు వచ్చి సరిచూసుకోవచ్చు.