మేనత్త పోలిక

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

పాప ఫోటోలు అందాయి. చెల్లెమ్మకు మా ఆశీస్సులు చెప్పు. తొమ్మిది నెలలు మోసి కన్నది తానైతే, పిల్ల అచ్చం ఆడపడుచు ముఖం పెట్టుకుని పుట్టిందని అలిగి కూర్చుందని రాశావే, ఆ ముక్క చదివి మీ వదిన నవ్వలేక చచ్చింది. అలిగినా తప్పులేదులే. ఆ నుదురు, ఆ గడ్డం మన పద్మవే. ఫోనులో రెండు మాటలు చెప్పి ఊరుకునేవాడినే గాని, నెల రోజులుగా మా పెరట్లోనూ ఇదే మేనత్త పోలికల గొడవ నడుస్తోంది. అది రెండు మాటల్లో తేలేది కాదు. పాప పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

మా కరివేపాకు చెట్టు నీకు తెలుసు కదా, నూతి పక్కన ఉండేది. ఒకరోజు పులుసులోకి రెబ్బ కోయబోయిన మీ వదిన, ఆకు మీద పిట్ట రెట్ట ఉందని కడగడానికి చెంబుతో నీళ్లు పోసింది. రెట్ట నడిచింది! ఆవిడ కేకకు మేమంతా పరుగెత్తుకొచ్చాం. చూస్తే గొంగళిపురుగులు. చిన్నప్పుడు నల్లగా, మధ్యలో తెల్లటి మరకతో అచ్చం రెట్టలాగే ఉంటాయి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. వేలితో తాకితే తల వెనకనుంచి ఎర్రటి మెత్తని కొమ్ములు రెండు బయటపెట్టి, ఘాటైన వాసన ఒకటి వదులుతాయి. మా చిన్నదానికి అది ఎంత నచ్చిందంటే, పాపం వాటిని రోజుకు పదిసార్లు విసిగించేది.

మందు కొట్టనివ్వనని అదే మొండికేసింది. చివరికి నాలుగు పురుగులను పచ్చళ్ల గాజు సీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, రోజూ లేత రెబ్బలు వేశాం. వారం తిరిగేసరికి తిండి మానేసి, పుల్లకు ఒక పట్టుదారం చుట్టుకుని, తాటిచెట్టు మీద మోకుకు ఆనుకున్న మనిషిలా వెనక్కి వాలి, ప్యూపాలయ్యాయి.

పది పన్నెండు రోజులకు మొదటిది వచ్చింది. నల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద అడ్డంగా తెల్లచుక్కల వరస. మర్నాడు రెండోది. దాని వెనక రెక్కల నడుమ తెల్లటి మచ్చలు, అంచుల్లో కుంకుమ చిలకరించినట్టు ఎర్రమచ్చలు. "నాన్నా, ఇది వేరే జాతిది" అంది చిన్నది. అవునన్నాను, అన్నీ తెలిసినవాడిలా. మూడోది మళ్లీ మొదటిదానిలాగే ఉంది. సరే, రెండు జాతులు కలిసి మన చెట్టు పంచుకున్నాయని తీర్పు చెప్పేశాను.

మా వీధి చివర రిటైరైన జువాలజీ మాస్టారు ఒకాయన ఉన్నారు. సీసా తీసుకెళ్లి చూపిస్తే ఆయన పొట్టల చివర్లు పరీక్షగా చూసి, "మూడూ ఒకే జాతి. పాపిలియో పాలిటీస్. ఇది మగది, మిగతా రెండూ ఆడవి" అన్నారు. అంటే మగదానిలాగే ఉన్న ఆ మూడోది కూడా ఆడదే! నా తీర్పు అక్కడే కొట్టుకుపోయింది.

ఆ ఎర్రమచ్చల ఆడదానిది దొంగ వేషం శీనూ. కామన్ రోజ్ అని ఇంకో సీతాకోకచిలుక ఉంది. దాని పురుగులు ఈశ్వరి తీగను తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి కొరికిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. మన కరివేపాకు బాపతుకు విషమూ లేదు, ఏమీ లేదు. అందుకని దాని దుస్తులు తొడుక్కుని తిరుగుతుంది. పట్టుకోవాలంటే ఒక గుర్తుంది: అసలుదానికి ఒళ్లు కూడా ఎర్రగా ఉంటుంది, నకిలీది రెక్కలు దిద్దుకుంది గాని ఒళ్లు నల్లగానే వదిలేసింది. మనకు తెలిసిందిగాని, ఎగిరే పిట్టకు అంత తీరిక ఎక్కడిది!

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను. ఈ వేషం ఆడవాటికే ఎందుకు, అందులోనూ కొన్నిటికే ఎందుకు? రెక్కల రంగు, మచ్చల ఆకారం, వాటి చోటు, ఇన్ని కలిసి మారాలంటే ఎన్నో జన్యువులు పక్కపక్కనే గుత్తిగా ఉండి ఒకేసారి సంక్రమించాలని చాలాకాలం అనుకున్నారట. 2014లో బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం (ఎన్.సి.బి.ఎస్.) నుంచి కృష్ణమేఘ్ కుంటే, షికాగో విశ్వవిద్యాలయం నుంచి మార్కస్ క్రోన్‌ఫోర్స్ట్, వాళ్ల బృందం కలిసి వెతికితే, గుత్తి కాదు, ఒకే ఒక్క జన్యువు తేలింది. దాని పేరు డబుల్‌సెక్స్. నవ్వకు, పళ్ల మీద ముసిరే ఈగల్లో పెట్టిన పేరది. ఆ జన్యువు చెడితే ఆడ ఈగా, మగ ఈగా రెండూ అటూ ఇటూ కాకుండా తయారవుతాయి. కీటకం ఒంటిని ఆడగానో మగగానో దిద్దే పని దానిదే.

తమాషా ఏమిటంటే ఆ జన్యువు ఆడ మగ రెండిటిలోనూ ఉంటుంది. మన తెలుగు మాస్టారు ద్వ్యర్థి కావ్యం గురించి చెప్పింది గుర్తుందా? అవే అక్షరాలు, పదాలు ఒకలా విరిస్తే రామకథ, ఇంకోలా విరిస్తే భారతకథ. ఇదీ అలాంటిదే. జన్యువు నుంచి తీసిన నకలును కణం ముక్కలుగా కోసి, కొన్ని పారేసి, మిగతావి అతుకుతుంది. ఆడ కణం ఒక ముక్క ఉంచుకుంటే, మగ కణం దాన్ని పారేస్తుంది. రెండు రకాల ప్రొటీన్లు తయారవుతాయి, రెండు రకాల ఒళ్లూ తయారవుతాయి. కొన్ని పేడపురుగుల్లో మగవాటి తల మీద కొమ్ములు మొలవడంలోనూ దీని చెయ్యి ఉంది.

మన సీతాకోకచిలుకలో ఈ జన్యువుకు రెండు పాఠాలు, అంటే రెండు రూపాలు, ఉన్నాయి. పాతది మామూలు రెక్కలనిస్తుంది. కొత్తదాంట్లో ఆ క్రోమోజోము ముక్క తలకిందులై అతుక్కుని ఉంది, అందులో మార్పులు చాలా ఉన్నాయి. వేషం దాని పుణ్యమే. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ కొత్త పాఠం నకలు ఒక్కటి వస్తే చాలు, ఆడదానికి వేషం వచ్చేస్తుంది. 2015లో జపాను వాళ్లు వేషం వేసే ఆడదాని రెక్కలో ఆ కొత్త పాఠం నోరు నొక్కి చూశారు. నొక్కిన చోట మామూలు రెక్క నమూనా పైకి వచ్చింది!

ఇక మీ ఇంటి గొడవకు వస్తాను. మగదానికి కూడా ఆ కొత్త పాఠం ఉండొచ్చు, ఒకటి కాదు, రెండు నకళ్లూ ఉండొచ్చు. అయినా దాని రెక్కల మీద ఒక్క ఎర్రచుక్క కనిపించదు. వేషం దాచుకుని తిరిగి తిరిగి కూతురికి ఇచ్చి పోతుంది. తల్లీ సాదా, తండ్రీ సాదా, పిల్ల మాత్రం ఎర్రమచ్చలతో మేనత్తలా ఉంటుంది! మాస్టారు ఈ మాట అనగానే నాకు నీ ఉత్తరమే గుర్తొచ్చింది. చెల్లెమ్మకు ఇదంతా చెప్పకు గాని, చెబితే ఒకటి కలుపు: మనుషుల ముఖాలు ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదు, తన వాటా తప్పకుండా ఎక్కడో ఉంటుంది.

ఏ కణం ఎలా చదవాలో ఎవరు చెబుతారని అడిగాను. దానికి మీ కదిరి మామయ్యగారి పట్టుపురుగులే జవాబు. సెలవుల్లో మల్బరీ ఆకు మోసి, చంద్రికల (పురుగులు గూళ్లు అల్లుకునే తట్టల) మీద గూళ్లు ఏరి, హిందూపురం మార్కెట్టుకు ఆయన వెనక తిరిగాం కదా. గుడ్లు తయారుచేసే చోట ఆడ ప్యూపాలు, మగ ప్యూపాలు వేరుచేస్తారని ఆయన చెబితే మనం పెద్ద రహస్యం విన్నట్టు నవ్వాం. పట్టుపురుగుల్లోనూ సీతాకోకచిలుకల్లోనూ మనకు తిరగబడి ఉంటుంది, మగవాటికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడవాటికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మగతనానికి ఓటు వేసే జన్యువు ఒకటి జెడ్ మీద ఉంది. పట్టుపురుగుల్లో డబ్ల్యూ నుంచి పుట్టే చిట్టి ఆర్‌ఎన్‌ఏ ఒకటి దాని సందేశాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. ఓటు పడకపోతే ఆడదే. ఇది కూడా 2014లోనే టోక్యోలో తేల్చారు. ఆ చిట్టి ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్ కూడా చేయదు, ఊరికే పక్కవాడి ఉత్తరం చించడమే దాని ఉద్యోగం.

ఇంకో సంగతికి నేను నోరు తెరిచాను. మనలో హార్మోన్లు నెత్తురులో ఒళ్లంతా తిరుగుతాయి. కీటకాల్లో చాలావరకు ఏ కణం లెక్క దానిదే. మొదట్లో కణం చీలేటప్పుడు పొరపాటు జరిగితే సగం ఒళ్లు ఆడ, సగం మగ అవుతుంది. ఒకవైపు ఎర్రమచ్చల రెక్క, ఇంకోవైపు తెల్లచుక్కల రెక్క, మధ్యలో గీత గీసినట్టు. అర్ధనారీశ్వరుణ్ణి పటంలో చూసిన మనకు ఇదేమీ కొత్త కాదు గాని, కరివేపాకు కొమ్మ మీద చూస్తే కళ్లు తిరుగుతాయి.

మగవాటికి వేషం ఎందుకు లేదంటావా? గుడ్ల బరువుతో మెల్లగా ఎగురుతూ, ఆకు ఆకూ వెతుకుతూ పిట్టల కంట పడేది ఆడదే కాబట్టి అని ఎక్కువమంది చెప్పే మాట. నకిలీలు మరీ ఎక్కువైతే పిట్టలకు మోసం తెలిసిపోతుంది కూడా. నాకు ఈ రెండో మాటే ఎక్కువ నచ్చింది. దొంగనోట్లు చెల్లాలంటే మంచినోట్లు ఎక్కువ తిరగాలి కదా.

మూడిటినీ పెరట్లో వదిలేశాం. నాలుగోది ప్యూపాలోనే ఎండిపోయింది, చిన్నది ఒకపూట అన్నం తినలేదు. తర్వాత అడిగింది: "నాన్నా, మన మగదాని దగ్గర ఆ వేషం ఉందా లేదా?" చూస్తే తెలియదమ్మా, కూతుళ్లు పుట్టాక వాళ్ల రెక్కలు చూడాల్సిందే అన్నాను. అప్పటినుంచి రోజూ బడి నుంచి రాగానే సంచి విసిరేసి నూతి దగ్గరికి పరుగు. నిన్న లేత చిగురు మీద ఆవగింజంత పసుపు గుడ్డు ఒకటి కనబడింది. ఎవరు పెట్టారో, ఎవరి పిల్లో తెలియదు. చెట్టుకు మిగిలిందే పది రెబ్బలు.

బారసాలకు ముగ్గురం వస్తాం. వంటకు కరివేపాకు మాత్రం మీరే చూసుకోవాలి.

నీ
రాము