లేజర్ క్లినిక్కుల ఇన్సూరెన్స్ కాగితాలు ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్లయింది. పెళ్లికి ఆరు వారాల ముందు గడ్డం కింద రోమాలు తీయించుకుందామని నెల్లూరులోనే ఒక స్కిన్ అండ్ లేజర్ క్లినిక్‌కు వెళ్లింది. ఆరు సిట్టింగులకు ప్యాకేజీ అని డబ్బంతా ముందే కట్టించుకున్నారు. రెండో సిట్టింగులో దవడ పొడవునా చర్మం కాలింది. బొబ్బలు మానాక నల్లటి చారలు మిగిలాయి. పెళ్లి ఫొటోలన్నిటిలో ఆ పిల్ల ముఖం ఒకవైపుకే తిరిగి ఉంటుంది. "ఇప్పుడు ఎవరిని అడగాలి పిన్నీ?" అని నాకు ఫోన్ చేసింది.

క్లినిక్ బోర్డు మీద డాక్టరు పేరుంది. ఆయన చెన్నై నుంచి వారానికి ఒకరోజు వస్తారు. ఆ రోజు మిషన్ పట్టుకున్నది మాత్రం ఇరవై రెండేళ్ల అమ్మాయి. మిషన్ అమ్మినవాళ్లు రెండు రోజులు నేర్పించి వెళ్లారట. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, చెప్పినట్టు చేసింది. లేజర్ వెలుగును రోమం మూలంలోని నల్లరంగు పీల్చుకుని వేడెక్కాలి. చర్మంలో ఉండే రంగు కూడా అదే వెలుగును పీల్చుకుంటుంది. అందుకే మనలాంటి చామనఛాయ వాళ్లకు తగిన రకం లేజర్ ఎంచుకుని, శక్తి తగ్గించి, చర్మాన్ని చల్లబరుస్తూ చేయాలి. ముందుగా ఒక చిన్నచోట పెట్టి కొన్ని రోజులు చూడాలి. ఎండకు కమిలిన చర్మం మీద అసలు పెట్టకూడదు. మా పిల్లకు ఆ చిన్న పరీక్ష కూడా చేయలేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు జనరల్ ఇన్సూరెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. అందుకని యజమానితో మాట్లాడటానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "మాకు ఇన్సూరెన్స్ ఉందమ్మా, మీరు టెన్షన్ పడకండి" అంటూ ఫైలు తెచ్చి ముందు పెట్టారు. తెరిచి చూస్తే అది షాపు పాలసీ. నిప్పంటుకుంటే, దొంగలు పడితే, మిషన్ చెడిపోతే డబ్బు వస్తుంది. వైద్యం వికటించి మనిషి చర్మం కాలితే ఒక్క రూపాయి రాదు. ఆ సంగతి ఆయనకు నిజంగానే తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది. తర్వాత డాక్టరుగారి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగితే కట్టాల్సిన పరిహారాన్ని భరించే పాలసీ, తెప్పించారు. మినహాయింపుల పేజీ తీసి చూపించాను. బరువు తగ్గించే మందుల వాడకం, కాస్మెటిక్ ప్లాస్టిక్ సర్జరీ, జుట్టు మార్పిడి, ఇవేవీ వర్తించవని రాసి ఉంది. డాక్టర్ల పాలసీల్లో ఈ వరుస ఏళ్ల తరబడి నేను చూస్తున్నదే. అంటే ఇలాంటి క్లినిక్కులు ఏ పనుల మీద నడుస్తున్నాయో వాటిలో చాలావాటిని పాలసీ వదిలేస్తోంది. లేజర్ ఊసే లేదు. డాక్టరు లేనప్పుడు సిబ్బంది చేసిన పనికి వర్తిస్తుందన్న మాట కూడా ఎక్కడా లేదు.

మా పిల్ల విషయం వినియోగదారుల కమిషన్‌లో తేల్చుకుంటాం. క్లినిక్ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను అడగదలచుకున్నది జిల్లా అధికారులను.

నెల్లూరు రోడ్డు మీద ఆటో తిప్పాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. ఉందో లేదో పోలీసులు ఆపి మరీ చూస్తారు. ముఖం మీద లేజర్ పెట్టే చోట, పెదవిలోకి సూది గుచ్చే చోట అలాంటి కాగితం ఎందుకు అడగరు? పొగతోట, మాగుంట లేఅవుట్ వైపు వెళ్తే ఇలాంటి బోర్డులు ఎన్ని వచ్చాయో కనిపిస్తుంది. ఒంగోలులోనూ అంతే. బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్), ఫిల్లర్లు (పెదవులు, బుగ్గలు నిండుగా కనిపించడానికి ఎక్కించే జెల్), గ్లూటాథయోన్ డ్రిప్పులు (రంగు తేలడానికని ఎక్కించే మందు) అని రాసి ఉంటాయి. చదవడానికి పార్లరు సేవల్లా ఉంటాయి గానీ ఇవి వైద్యాలు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చుబడుతుంది, కంటిచూపు కూడా పోవచ్చు. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే దాన్ని కరిగించే హయలురోనిడేజ్ మందు పక్కనే ఉండాలి, వెంటనే ఇవ్వగల డాక్టరూ అక్కడే ఉండాలి. చెన్నైలో ఉన్న డాక్టరుకు ఫోన్ కలిసేదాకా ఆగితే కుదరదు.

చట్టాలు లేక కాదు. ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణకు మన రాష్ట్రంలో 2002 నుంచే చట్టం ఉంది. జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారి దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి, గడువు తీరితే రెన్యువల్ చేయించుకోవాలి. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. జుట్టు మార్పిడి వర్క్‌షాపుల్లో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకునే పని కాదని ఆ కమిషనే 2022లో చెప్పింది. వాడిన సూదులను ఎలా పారేయాలో 2016 నిబంధనల్లో ఉంది. కానీ మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు ఒక్కటి చూపించి "మాకు అన్నీ ఉన్నాయి" అనేవాళ్లను నేనే చూశాను.

ఇన్సూరెన్స్ అంటే తప్పు చేసినవాళ్లను కాపాడటమే కదా అని మా పక్కింటావిడ అడిగారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. వినియోగదారుల కమిషన్ పరిహారం ఇమ్మని తీర్పు ఇస్తుంది. అప్పటికి క్లినిక్ మూసేసి ఉంటే, మిషన్ బాకీ కింద పోయి ఉంటే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? వెనక ఇన్సూరెన్స్ ఉంటేనే ఆ పిల్ల చేతికి పరిహారం అందుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. సరైన పాలసీ ఇచ్చే ముందు కంపెనీ ప్రపోజల్ ఫారంలో ఎవరు చేస్తారు, వాళ్ల చదువేమిటి, ఏ ఏ చికిత్సలు చేస్తారు అని రాయించుకుంటుంది. అబద్ధం రాస్తే క్లెయిమ్ పోతుంది. చట్టాన్ని మీరి చేసిన పనికి ఎలాగూ పాలసీ వర్తించదు. కాబట్టి రిజిస్ట్రేషన్, సిబ్బంది అర్హతలు సరిగా లేని చోట పాలసీ కట్టినా కట్టనట్టే.

యజమానులకు ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఇండెమ్నిటీ పాలసీలు మామూలుగా క్లెయిమ్ వచ్చిన నాటి లెక్కన పనిచేస్తాయి. చికిత్స చేసిన రోజున పాలసీ ఉంటే సరిపోదు, ఫిర్యాదు వచ్చిన రోజున కూడా అమల్లో ఉండాలి. వినియోగదారుల చట్టం కింద రెండేళ్ల వరకు ఫిర్యాదు చేయొచ్చు. మధ్యలో రెన్యువల్ మానేస్తే పాత చికిత్సలకు కూడా రక్షణ పోతుంది. ఇది వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మా రంగం వాళ్లది. నేనూ ఎన్నో షాపు పాలసీలు చేయించాను. లోపల ఏం పని జరుగుతోందో అన్నిచోట్లా అడిగానా అంటే లేదు. ఆ బాధ నాకుంది.

చేయించుకునేవాళ్లు సిగ్గుపడకుండా అడగండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఏది, మిషన్ పట్టుకునేది ఎవరు, డాక్టరు ఈరోజు ఇక్కడ ఉన్నారా. బిల్లు, సంతకం పెట్టిన కాగితం కాపీ తెచ్చుకోండి. ఏదైనా తేడా వస్తే ఆ రోజే ఫొటోలు తీసుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు.

జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారికి నా విన్నపం ఇది. లేజర్, ఇంజెక్షన్ల క్లినిక్కుల రిజిస్ట్రేషన్, రెన్యువల్ సమయంలో ఇండెమ్నిటీ పాలసీ కాపీ కూడా తెమ్మనండి. అక్కడ చేసే చికిత్సల పేర్లు అందులో ఉన్నాయో లేదో మినహాయింపుల పేజీతో సహా చూడండి. దాన్ని తప్పనిసరి చేయడానికి నిబంధన మార్చాల్సి వస్తే ప్రభుత్వానికి రాయండి. ఆ పేజీలు చదవడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, జీతం అక్కర్లేదు. వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇదే అర్జీ ఇస్తున్నాను.

ఇట్లు,
ఇన్సూరెన్స్ విశ్రాంత ఉద్యోగిని,
నెల్లూరు