టవరుతో పాటు దారినీ కట్టండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

విషయం: శ్రీకాకుళం జిల్లా కొండల మీది అగ్గి కావలి టవర్లకు దారులు, నీళ్లు, వేసవి నడకల అనుమతి గురించి.

నమస్కారం.

మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు కొండల్లో ఫిబ్రవరి నెలాఖరుకి చెట్లు ఆకు రాల్చేస్తాయి. మార్చి మధ్యకి నేలంతా ఎండుటాకే. అక్కడి నుంచి తొలకరి పడేదాకా అగ్గి కాలం. ఆ రోజుల్లో ఎత్తున నిలబడి నలుదిక్కులా చూసే మనిషి ఒకరు ఉండాలనే కావలి టవరు కడతారు. అంచనా వేసేటప్పుడు ఇనుముకి, సిమెంటుకి, రంగుకి లెక్క రాస్తారు. కింద నుంచి అక్కడికి మనిషి ఎలా చేరతాడు, చేరాక ఏం తాగుతాడు, పిడుగులు పడే వేళ ఎక్కడ తలదాచుకుంటాడు అన్నవి చాలాచోట్ల ఆ లెక్కలోకి రావు. అలాంటి టవరు మీద ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటికి మనిషి నిలవడు. మంటలు లేచేది సరిగ్గా ఆ వేళకే.

మేము అడిగేది ఒక్కటే. కొండ మొదలు నుంచి టవరు పైమెట్టు దాకా ఉన్న దారిని, ఆ దారికి కావలసిన నీళ్లని, నీడని టవరులో భాగంగా చూసి ఒకే అంచనాలో మంజూరు చెయ్యండి. వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలు, నడక బృందాలు ఎక్కేదీ ఆ దారే. ఫైర్ వాచర్‌కి పనికొచ్చేలా చేస్తే వాళ్లకీ పనికొస్తుంది. నడకలు పూర్తిగా ఆపెయ్యమని మేము అనం. అడ్డూ అదుపూ లేకుండా వదిలెయ్యమనీ అనం.

ఉపగ్రహాలు ఉండగా టవరెందుకని మీ దగ్గర ఎవరైనా అనవచ్చు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరికలు చాలా మేలు చేస్తున్నాయి. వాటికి ఆధారం ఉపగ్రహాల్లో ఉండే విర్స్ అనే సెన్సరు, అది 375 మీటర్ల గడిలో వేడిని పట్టగలదు. కానీ ఆ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది పగలు ఒంటిగంట, రెండు మధ్య ఒకసారి, రాత్రి అదే వేళకి ఇంకోసారి. మూడింటికి జీడితోట గట్టున అంటుకున్న మంట వాటి కంట పడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఈలోగా కొండ సగం కాలుతుంది. టవరు మీద మనిషికైతే పొగ నిమిషాల్లో కనబడుతుంది. దీనికీ ఒక హద్దుంది. సముద్రపు తేమతో మసక కమ్మిన రోజు పది పన్నెండు కిలోమీటర్లు దాటితే చూపు ఆనదు. అందుకే ఒక్క పెద్ద టవరు కన్నా, ఒకదానికొకటి కనబడే రెండు చిన్న టవర్లు మేలు.

మన కొండల్లో ఎండా గాలీ నడిచే తీరు తెలియకుండా ఇక్కడ ఏ నియమం పెట్టినా నిలవదు. శ్రీకాకుళం దేశపు ప్రామాణిక కాలరేఖకి తూర్పున ఉంది. మే మధ్యలో ఇక్కడ 5.20 ప్రాంతానికే పొద్దు పొడుస్తుంది, 11.50కే సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో నిటారుగా నిలబడిన మనిషికి నీడే ఉండదు. పైగా తీరం ఉబ్బ. చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. గడియారం పది చూపిస్తుంటే ఇంకా పొద్దుందనుకునే వాళ్లకి మన జిల్లాలో అప్పటికే ఆలస్యమైపోతుంది.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. పదకొండు దాటాక బంగాళాఖాతం నుంచి గాలి లోపలికి తిరుగుతుంది. ఎండకి కాగిన వాలు మీద గాలి దానంతట అదే పైకి లేస్తుంది. తూర్పు వాలుల్లో ఈ రెండూ కలుస్తాయి. ఆ వాలుల అడుగునే జీడితోటలు, తుప్పలు, బోదగడ్డి. వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట పైకి ఎగబాకే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఇరవై డిగ్రీల వాలులో చదును మీద కన్నా నాలుగు రెట్లు. అడుగున లేచిన మంటకి ఎదురుగా, నిట్టనిలువు దారి మధ్యలో ఉన్న మనిషి పరుగెత్తి తప్పించుకోలేడు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకి వెళ్లిన బృందాల్ని కార్చిచ్చు చుట్టుముట్టి 23 మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ట్రెక్కింగ్‌కి నియమావళి తెచ్చింది. మనం అంతదాకా ఆగకూడదు.

కాబట్టి వేసవిలో టవరు నడకకి వేళలు ఇలా ఉండాలి. చీకట్లో ఎవరినీ కొండ ఎక్కనివ్వకూడదు. మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడిమామిడి పండు కోసం, ఇప్పపువ్వు కోసం ఎలుగుబంట్లు తిరిగేది వేకువన, మునిమాపునే. బాగా వెలుగొచ్చాక 5.30కి మొదలుపెట్టాలి. బరువుతో, ఉబ్బలో, మామూలు మనిషి గంటకి 300 మీటర్ల ఎత్తు ఎక్కగలడు. 500 మీటర్ల కొండకి విరామాలతో కలిపి రెండుంబావు గంటలు. 7.45కి పైన ఉంటారు. తొమ్మిదికల్లా దిగడం మొదలు, పదిన్నరకి కింద. ఎనిమిదిన్నరకి కూడా పైకి చేరని బృందం ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. ఈ ఒక్క నియమాన్ని గైడు గట్టిగా పాటిస్తే సగం ప్రమాదాలు ఉండవు. శిఖరం కనబడుతూంటే ఇంకొంచెమే కదా అనిపిస్తుంది, పట్టు సడలేది అక్కడే.

నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు, తక్కువైతే గేటు దగ్గరే ఆపాలి. పావుగంటకి అర గ్లాసు చొప్పున తాగాలి గానీ దాహమయ్యాక ఒక్కసారిగా సీసా ఎత్తెయ్యకూడదు. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే తాగుతూ పోతే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. దాన్ని చూసి ఇంకా నీళ్లు తాగిస్తే ముదురుతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీటిలో కలపాలి, అర లీటరులో కాదు. చోడి (రాగి) అంబలి, ఉప్పేసిన మజ్జిగ ఇంటి నుంచి తెచ్చుకుంటే ఇంకా మంచిది. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనే నమ్మకం ఒకటుంది, అది ప్రాణం తీస్తుంది. కొండ ఎక్కే మనిషికి చెమట కారుతూండగానే వడదెబ్బ తగలొచ్చు. మాట తడబడినా, అడుగు తూలినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, మెడకి, చంకలకి, గజ్జలకి తడిగుడ్డ వేసి విసరాలి. ముందు ఒళ్లు చల్లబరచాలి, మొయ్యడం తర్వాత. 108 బండి కొండ మొదటికే వస్తుంది. అక్కడి దాకా మోసుకురావడానికి మనుషులు కావాలి, మడత స్ట్రెచర్ కావాలి. అది టవరులో ఒకటి, దారి సగంలో ఒకటి ఉంచాలి.

ఇక దారి. చాలా టవర్లకి దారి అంటే కొండ వెన్ను మీదుగా తిన్నగా పైకి పోయే కాలిబాట. 500 మీటర్ల ఎత్తుని రెండు కిలోమీటర్లలో ఎక్కిస్తే నూరు మీటర్లకి పాతిక మీటర్ల ఎత్తు ఎక్కాలి. మన కొండలు ఖోండలైట్ రాయి. అది చివికి గరప అవుతుంది. దాని మీద ఎండుటాకు పడితే దిగేటప్పుడు మడమ నిలవదు. మోకాళ్లు, చీలమండలు పోయేది దిగేటప్పుడే. వానాకాలం నీరంతా అదే బాటలో దిగి, దాన్నే చిన్న గెడ్డగా కోసేస్తుంది. మలుపులు తిప్పుతూ నాలుగు కిలోమీటర్లకి సాగదీస్తే ఆ ఎత్తు పన్నెండు, పదమూడు మీటర్లకి దిగుతుంది. మలుపుకి మలుపుకి మధ్య నీరు పక్కకి పోయేలా రాతి అడ్డుకట్టు వెయ్యాలి. ఇందులో యంత్రం పనేమీ లేదు. పలుగూ పారా చేతబట్టిన మనుషులు చాలు. ఉపాధి హామీ కింద సవర గిరిజన గ్రామాల వాళ్లకే ఈ పని ఇవ్వొచ్చు. ఆ వాలులు వాళ్లకి తెలిసినంతగా ఏ కాంట్రాక్టరుకీ తెలియవు.

దారికి రెండు పక్కలా మూడేసి మీటర్లు, టవరు చుట్టూ ముప్పై మీటర్లు ఆకు ఊడ్చి ఉంచాలి. జనవరిలో ఒకసారి బ్లోయరు కొట్టి ఫొటో తీస్తే సరిపోదు, ఆకు రాలడం అప్పటికింకా అయిపోదు. మార్చి మధ్యలో రెండోసారి, ఏప్రిల్‌లో మూడోసారి ఊడవాలి. అర కిలోమీటరుకొక చోట బండరాయి పరుపో, ఊడ్చిన చదునో మంటలొస్తే చేరే చోటుగా గుర్తించి, సున్నంతో పెద్ద గుర్తు వెయ్యాలి. మంట కనబడితే పైకి పరుగెత్తకూడదని, పక్కకి, కిందికి, కుదిరితే అప్పటికే కాలి చల్లారిన నేల మీదికి పోవాలని గేటు దగ్గరే చెప్పాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలతో వచ్చినవాళ్లని ఎక్కనివ్వకూడదు. అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్టలే కట్టుకోవాలి.

టవరులో కావలసినవి ఖరీదైనవి కావు. పొగ చూశాక "ఫలానా గుట్ట అవతల" అని వైర్‌లెస్‌లో చెబితే కింద బృందం గంటసేపు వెతుకుతుంది. అమెరికా కొండ టవర్లలో 1910ల నుంచి విలియం ఆస్‌బోర్న్ తయారుచేసిన దిక్కు చూపే పలక వాడుతున్నారు. అదే తీరుది మన దగ్గర వడ్రంగి చెయ్యగలడు. 60 సెంటీమీటర్ల గుండ్రటి చెక్క పలక మీద చుట్టూ 360 డిగ్రీలు గీస్తే ఒక్కో డిగ్రీకి అర సెంటీమీటరు చోటొస్తుంది. మధ్యలో ఆ రేంజి మ్యాపు అతికించి, రెండు కొనల్లో సన్నని తీగలున్న తిరిగే బద్ద బిగించాలి. తీగల మధ్య పొగ అడుగు కనబడేలా బద్ద తిప్పి డిగ్రీ చదవాలి. పొగ తలని చూస్తే గాలి దాన్ని ఎటో లాక్కుపోయి ఉంటుంది. రెండు టవర్ల నుంచి రెండు డిగ్రీలు వస్తే, మ్యాపులో గీతలు కలిసిన చోటే మంట. ఒక్క డిగ్రీ తప్పు చదివితే పది కిలోమీటర్ల దూరాన 175 మీటర్లు పక్కకి పోతారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. పలకని దిక్సూచితో సరిచేస్తారు. ఇనుప టవరు మీద దిక్సూచి ముల్లు నిజం చెప్పదు. దూరాన కనబడే, మ్యాపులో ఉన్న రెండు మూడు గుర్తులని, ఉదాహరణకి అవతల ఒడిశాలో 1501 మీటర్ల మహేంద్రగిరి శిఖరాన్ని ఆధారంగా పెట్టుకుని పలక తిప్పి బిగించాలి. ఆ గుర్తుల డిగ్రీలు పలక అంచున రంగుతో రాసి ఉంచితే కొత్త వాచర్ కూడా రోజూ పొద్దున్నే సరిచూసుకుంటాడు. అగ్గికి సరిహద్దు లేదు గనుక ఒడిశాలోని పర్లాకిమిడి అటవీ డివిజన్ వారికీ మనకీ ఒకే మ్యాపు గడులుండాలి.

పిడుగు సంగతి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ ఉరుములు, ఈదురుగాలులు మామూలే. కొండ కొన మీద అన్నిటికన్నా ఎత్తైనది ఆ టవరే. పిడుగు కడ్డీ పెట్టినా భూమిలోకి దిగే పట్టీ అతుకులు తుప్పు పట్టి ఊడిపోతాయి, రాతి నేల ఎండి ఎర్తింగ్ పనిచెయ్యదు. ప్రతి మార్చిలోనూ ఎర్తింగ్ నిరోధం కొలిపించాలి, అది 10 ఓమ్‌ల లోపు ఉండాలి. లేకుంటే గొయ్యి తవ్వి, తడి పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపి తడపాలి. ఉరుము వినబడగానే వాచర్ దిగిపోవడానికి, కొనకి యాభై మీటర్ల దిగువన చిన్న రాతి గది ఒకటి కావాలి. దానికీ ఎర్తింగ్ ఉండాలి.

నీళ్లు మోసుకెళ్లడం వల్లే వాచర్లు అలిసిపోతారు. వాన నీటిని పైనే పట్టుకుంటే ఆ మోత తగ్గుతుంది. మూడు మీటర్లకి మూడు మీటర్లు రేకు కప్పు మీద నూరు మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లు. కారినదీ పోయినదీ తీసేసినా 700 మిగులుతుంది. అక్టోబరు వాయుగుండాలు రెండొస్తే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు నిండుతుంది. ఇద్దరు వాచర్లకి రోజుకి 13 లీటర్లు లెక్కేసుకుంటే డెబ్బై అయిదు రోజులకి పైనే. మొదటి వాన వదిలెయ్యాలి, మూత గట్టిగా ఉండాలి, క్లోరిన్ బిళ్ల వేసి కాచి తాగాలి. ఈ నీళ్లు వాచర్లవి, నడకకి వచ్చినవాళ్లు ముట్టకూడదు.

అనుమతుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రోజుకి ఒక్క బృందం, పది మందికి మించకుండా, వీఎస్ఎస్ (ఊరి వన సంరక్షణ సమితి) నుంచి స్థానిక గైడు ఒకరు. గేటు దగ్గర అగ్గిపెట్టె, లైటరు, సిగరెట్ తీసుకుని దిగాక ఇచ్చెయ్యాలి. పైన వంట లేదు. రిజిస్టరులో ఎక్కిన వేళే కాదు, దిగిన వేళ కూడా రాయాలి. రుసుము ఆ దారి ఊడ్చేవాళ్లకే చేరాలి. ఫారెస్ట్ సర్వే హెచ్చరికలకి ఎవరైనా ఫోన్ నంబరు నమోదు చేసుకోవచ్చు, గైడులందరిచేతా చేయించాలి. ఆ చుట్టుపక్కల హెచ్చరిక వచ్చిన రోజు నడక రద్దు.

నిప్పు పెట్టేది సవరలేననే మాట తేలిగ్గా అనేస్తారు, అది న్యాయం కాదు. ఇప్పచెట్టు కింద పువ్వు ఏరడానికి ఆకు కాలుస్తారు, జీడిపిక్క ఏరడానికి మైదానం రైతులూ అదే చేస్తారు, దారిన పోయేవాళ్లు బీడీముక్క పారేస్తారు. చెట్ల కింద పరచడానికి వలలు ఇస్తే ఆకు కాల్చే పనే ఉండదు. కేసుల కన్నా అదే త్వరగా పనిచేస్తుంది.

ఇవన్నీ క్యాలెండరుతో ముడిపడిన పనులు. అక్టోబరు వాన పట్టుకోవాలంటే ట్యాంకు సెప్టెంబరు నెలాఖరులోగా కొండెక్కాలి. దారి మలుపులు నవంబరు, డిసెంబరులో, నేల ఇంకా మెత్తగా ఉండగా తవ్వాలి. వాచర్లని ఫిబ్రవరి మొదటి వారానికే తీసుకుని, ఏ నెల కూలీ ఆ నెలే ఇవ్వాలి. రేంజి అధికారులతో పాటు ఒక ఇంజినీరుని పంపించండి. ఏ టవరు దారైనా సరే, పొద్దున్నే వాళ్లతో పాటు ఎక్కి, ఎక్కడ మలుపు తిప్పాలో, ఎక్కడ ఆకు పేరుకుంటుందో చూపించడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా కొండల్లో అగ్గి కావలి చేసినవాళ్లం, ఆ దారుల్లో నడిచేవాళ్లం