వందేళ్ల వాన లెక్క: తోకను కూడా పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

‘ఇది వందేళ్లకోసారి పడే వాన’ (అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటే) అని ఎవరైనా అంటే నాకు గుబులు పుడుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అవే వానలకు హనుమకొండలో మా ఇంట్లోకి నీళ్లొచ్చి, బీరువా కింది అరలో దాచుకున్న పాఠాల నోట్సు తడిసి ముద్దయింది. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పేందుకు ఏళ్ల తరబడి రాసుకున్నవి.

మొన్న ఒక కల్వర్టు రిపోర్టు చేతికొచ్చింది. పాతికేళ్లలో ఏటా పడిన అతి పెద్ద వానను తీసుకున్నారు. దానికి గంబెల్ డిస్ట్రిబ్యూషన్ (ఏడాదిలో అతి పెద్ద వానల్లాంటి అంకెలకు వాడే లెక్కల నమూనా) పెట్టి, ‘కోల్మొగొరోవ్–స్మిర్నోవ్ పరీక్షలో సరిపోయింది’ అని ఒక్క లైనుతో ముగించారు.

నా బాధంతా ఆ లైను గురించే. ఎంత వానలోపు ఎన్ని ఏళ్లున్నాయో చూపే డేటా గీతకీ, నమూనా ప్రకారం అనుకున్న గీతకీ ఎక్కడ ఎక్కువ ఎడం ఉందో ఆ పరీక్ష చూస్తుంది. చివర్లో రెండు గీతలూ ఎలాగూ కలిసిపోతాయి కాబట్టి తోకలో, అంటే అరుదైన అతి పెద్ద వానలుండే ఆ చివర్లో, ఉన్న తప్పు దానికి సరిగా దొరకదు. వీధిలో మురుగు నాలా పొంగేది ఆ తోకలోని వానకే కదా! తోకకు ఎక్కువ బరువిచ్చే ఆండర్సన్–డార్లింగ్ పరీక్ష 1952 నుంచే ఉంది.

నా విద్యార్థులు ఏటా చేసిన పొరపాటు కూడా ఆ రిపోర్టులో కనిపించింది. పారామీటర్లను (నమూనా ఆకారాన్ని నిర్ణయించే అంకెలను) అదే డేటాలోంచి లెక్కగట్టి, ఎంత ఎడం దాటితే నమూనా కాదనాలో చెప్పే మామూలు టేబుల్‌తో పోల్చారు. కొలతలు తీసుకుని కుట్టిన జాకెట్టును ఆ మనిషికే తొడిగి చూసినట్టు, అలా చేస్తే చాలా వరకు సరిపోయినట్టే తేలుతుంది. ఇలాంటప్పుడు వాడేందుకు, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు నమూనా) కోసం లిలీఫోర్స్ 1967లో వేరే టేబుల్ ఇచ్చారు. గంబెల్‌కు కూడా దానికంటూ తయారైన వేరే టేబులే వాడాలి. పైగా పాతికే అంకెలతో ఏ పరీక్షా గట్టిగా కాదనలేదు. ‘కాదని తేల్చలేకపోయాం’ అని రాయాల్సిన చోట ‘సరిపోయింది’ అని రాసేశారు.

లెక్క నిజమే అనుకున్నా, వందేళ్ల వాన 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అప్పు చేసి ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

అధికారులకు నా విన్నపం: ఎన్నేళ్ల డేటా, ఏ పరీక్ష, ఏ టేబుల్ వాడారో రాయండి. పక్కన ఒక క్యూ–క్యూ గ్రాఫ్ (అసలు వానలను నమూనా చెప్పిన వానలతో చుక్కలుగా పోల్చే బొమ్మ) వేయండి. పైచివర నాలుగు చుక్కలు గీత మీదున్నాయో, గీత వదిలి పైకి లేచాయో పదో తరగతి పిల్లకైనా కనిపిస్తుంది. సంపాదకులకూ ఒక మాట: అలాంటి గ్రాఫ్ దొరికితే మీ జిల్లా పేజీలో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు,
హనుమకొండ