అత్తయ్యగారి అమ్మమ్మ ఇంటిపేరు దొరికింది: ముగ్గురికి కృతజ్ఞతలు

నాలుగేళ్ళుగా వెతుకుతున్నది పోయిన నెల దొరికింది. 1949లో చనిపోయిన మా అత్తయ్యగారి అమ్మమ్మ అసలు ఇంటిపేరు, పుట్టిన ఊరు. అత్తయ్య వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

నాది చీమకుర్తి. పెళ్ళయ్యాక అమెరికాలో వెర్మాంట్‌కి వచ్చాను. మా ఆయన వాళ్ళది బారే, అదీ గ్రానైట్ ఊరే. మా నాన్న ఒకసారి వచ్చి అక్కడి క్వారీ చూసి, "ఇంత దూరం వచ్చీ మళ్ళీ రాయేనా" అన్నారు. 1880ల నుంచి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వైపు రాతిపనివాళ్ళు ఓడలెక్కి ఇక్కడికి వచ్చారు. 1899లో కవి రాబర్ట్ బర్న్స్‌కి ఈ రాయితోనే విగ్రహం కూడా పెట్టుకున్నారు. అత్తయ్య తాతగారు అలా వచ్చినాయనే. గాలి యంత్రాలతో చెక్కడం మొదలయ్యాక షెడ్లలో దుమ్ము పెరిగి చాలామందికి ఊపిరితిత్తులు పోయాయి. ఆయనా ఆ జబ్బుతోనే పోయారు.

అమ్మమ్మగారి గురించి ఉన్న కాగితాలు తక్కువ. భర్తకి పౌరసత్వం వస్తే భార్యకీ వచ్చేసినట్టే ఆ రోజుల్లో, అందుకని ఆవిడ పేరున ఆ దరఖాస్తే లేదు. 1910 జనాభా లెక్కల్లో "కన్నది 6, బతికున్నది 4" అని ఉంది. 1920కి వచ్చేసరికి ఆవిడ ఇంటి పెద్ద, ఇంట్లో డబ్బు కట్టి ఉండే మగవాళ్ళు నలుగురు. ఈ రెండూ వెతికి పెట్టింది బారే లైబ్రరీలో పరిచయమైన ఒక పెద్దావిడ. ఆవిడకి మొదటి కృతజ్ఞత.

చిక్కంతా మరణ పత్రంతో వచ్చింది. అందులో కొడుకు చెప్పిన పుట్టింటి పేరు పట్టుకుని స్కాట్లాండ్ రికార్డులు వెతికాను. ఒక్కో కాగితానికి ఒకటిన్నర పౌండు. అదే పేరున్న ఆడపిల్లలు వీధికి నలుగురు. కట్టిన డబ్బంతా వేరేవాళ్ళ అమ్మమ్మలకే పోయింది.

అప్పుడు అబర్డీన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న మా తమ్ముడి స్నేహితుడు, ఆ కాగితాలన్నీ ప్రింటు తీసుకుని, వంశ చరిత్రలు వెతికి పెట్టే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాడు. పరీక్షల టైములో, వానలో, మూడుసార్లు. ఆవిడ చూసింది నేను నాలుగేళ్ళూ పట్టించుకోని చోటు. "పెద్దకొడుకు మధ్యపేరు ఎక్కడిది? అది ఇంటిపేరులా ఉందే" అన్నారట. తల్లి పుట్టింటి పేరుని పిల్లాడి మధ్యపేరుగా పెట్టడం అక్కడ మామూలే. మనం తాత పేరు మనవడికి పెట్టుకునేవాళ్ళమే కదా, నాకెందుకు తట్టలేదో!

ఆ పేరుతో వెతికితే 1892 పెళ్ళి కాగితం దొరికింది. అందులో తల్లి పేరు మాత్రమే ఉంది, పక్కనే "తర్వాత ఫలానా ఆయన్ని పెళ్ళాడింది" అని. నేను ఇన్నాళ్ళూ వెంటబడింది ఆ ఫలానా ఆయన ఇంటిపేరు, అంటే సవతి తండ్రిది. తర్వాత ఆవిడ 1871 పుట్టుక కాగితం, అబర్డీన్ వైపున్న కెమ్నే ఊరిది. తల్లి రైతుల ఇళ్ళల్లో పనిమనిషి, సంతకం బదులు ఇంటూ గుర్తు. తండ్రి గడి ఖాళీ. బిడ్డ పేరు కింద "అక్రమ సంతానం" అన్న మాట, అదే చేతిరాతతో. 1919 దాకా అక్కడ అలా రాసేవారు.

ఆ కాగితాన్ని అబర్డీన్ ఆవిడ వెంటనే పంపలేదు. "ఇంట్లో పెద్దావిడ ఉన్నారుగా, ముందు కోడలికి ఒక్కదానికే చెప్పు" అని అబ్బాయితో అన్నారు. అందరికంటే ఎక్కువగా ఆవిడకి దణ్ణం పెట్టుకునేది ఇందుకే. వాడు కూడా ఫోన్‌లో "అక్కా, పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగాకే విషయం చెప్పాడు.

రెండు రోజులు టెన్షన్ పడి అత్తయ్యకి చూపించాను. ఆ కాగితం చాలాసేపు చూశారు. "మీ నాన్న ఎలా ఉండేవాడని అడిగితే అమ్మమ్మ పెనం మీద ఓట్ రొట్టె తిరగేసేది. కాలకపోయినా తిరగేసేది" అన్నారు.

అబర్డీన్ ఆవిడ డబ్బు తీసుకోనన్నారు. సమాధి రాయి ఫోటో చాలన్నారు. స్కాట్లాండ్ వాళ్ళు రాయి మీద ఆడవాళ్ళకి పుట్టింటి పేరే చెక్కిస్తారట, కింది వరస చదివారా అని అడిగారు. కింది వరస నాచు పట్టి ఉంది, మేమెప్పుడూ చదవలేదు. ఏప్రిల్‌లో మంచు కరగ్గానే వెళతాం. బ్రష్షు, బకెట్టు అత్తయ్య ఇప్పటికే కారులో పెట్టించారు.